ఓట్లేసే అభిమానం, దాచిపెట్టే అభిమానం

ఒకప్పుడు హైదరాబాద్ దూరదర్శన్‌లో ‘జాబులు-జవాబులు’ అనే కార్యక్రమం వచ్చేది. ప్రేక్షకులు పంపిన ఉత్తరాలు చదివి వినిపించి, ఓలేటి పార్వతీశం వంటివారు ఓపిగ్గా బదులు చెప్పేవారు. పోస్టుకార్డు మీద పట్టే నాలుగు వాక్యాల్లో ఫలానా నాటిక నచ్చిందనో, ఫలానా కార్యక్రమం వేళ మార్చమనో రాసి డబ్బాలో వేస్తే, ఎన్నో రోజుల తర్వాత ఒక సాయంత్రం తమ పేరూ ఊరి పేరూ టీవీలో వినపడేవి. ఆనాటి టీవీ అభిమాని చేయగలిగిన పని అంతవరకే. ఇవాళ్టి అభిమాని చేతిలో ఫోనుంది. ఎపిసోడ్ నడుస్తుండగానే మెచ్చుకోవచ్చు, ఏకిపారేయవచ్చు, ముక్క కత్తిరించి రీలు చేయవచ్చు, ఓటు వేయవచ్చు, పదిమంది చేత వేయించవచ్చు, నచ్చనివాళ్లను వెంటపడి తిట్టవచ్చు. ప్రేక్షకులకు ఇన్నాళ్లకు గొంతు వచ్చిందని సంతోషించేవాళ్లున్నారు, ఈ గోలేమిటని బాధపడేవాళ్లూ ఉన్నారు. రెండిట్లోనూ నిజముంది. కానీ అసలు మార్పు వేరేచోట ఉందని నా అభిప్రాయం. డిజిటల్ కాలం టీవీ అభిమానులకు ఒకేసారి రెండు పనులు అప్పజెప్పింది. ఒకటి సైన్యంగా నిలబడి ఎవరినో గెలిపించడం. రెండోది నచ్చినదాన్ని పోకుండా దాచి, తర్వాతివాళ్లకు అందించడం. మొదటి పనికి చప్పుడెక్కువ కాబట్టి చానెళ్లూ పత్రికలూ దాన్నే అభిమానం అంటున్నాయి. టీవీ చరిత్ర చూస్తే మాత్రం నిలబడింది రెండోదే.

టీవీ మీద వెర్రి ప్రేమ ఫోనుతో పుట్టలేదు. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి 25న మొదలై 1988 జులై 31న ముగిసింది. ఆదివారం పొద్దున ఆ వేళకు వీధులు ఖాళీ అయ్యేవి. టీవీ పెట్టెకు బొట్టు పెట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించి కూర్చున్న ఇళ్లు దేశమంతటా ఉన్నాయి. హిందీ ముక్క రాని తెలుగు ఊళ్లలో కూడా టీవీ ఉన్న ఇంటికి ఇరుగుపొరుగు చేరేవారు. తెలిసిన కథే కాబట్టి భాష అడ్డం రాలేదు. మొదట 52 ఎపిసోడ్లనుకున్నది ఆ ఆదరణ చూసి 78 దాకా సాగింది. పట్టాభిషేకంతో కథ ఆపేస్తున్నారని తెలిశాక జరిగింది, ఇప్పటి హ్యాష్‌ట్యాగుల ఉద్యమాలన్నిటికంటే గట్టి ఉద్యమం. వాల్మీకిని తమ మూలపురుషుడిగా కొలిచే పారిశుద్ధ్య కార్మికులు జలంధర్‌లోనూ మరికొన్ని ఉత్తరాది నగరాల్లోనూ చీపుళ్లు కింద పెట్టి సమ్మె చేశారు. వాల్మీకి ఆశ్రమం, సీత, లవకుశులు లేకుండా రామాయణం అయిపోయిందంటే ఒప్పుకోమన్నారు. చెత్త పేరుకుపోయి ప్రభుత్వం దిగివచ్చింది. ఉత్తరకాండ వేరే ధారావాహికగా ప్రసారమైంది. ఆ కార్మికులు ఫలానా నటుణ్ణి గెలిపించమని అడగలేదు. ఆ కథను రాసినవాడు తమవాడు, ఆ కథలో అతడూ ఒక పాత్ర, అతణ్ణి వదిలేసి వెళ్లిపోతున్నారన్నది వాళ్ల బాధ. వాళ్లు కథను పోకుండా పట్టుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే తర్వాత వచ్చిన మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది.

తెలుగునాట అభిమానం అనగానే సినిమా గుర్తొస్తుంది. అభిమాన సంఘం, దానికి అధ్యక్షుడు, కటౌటుకు పాలాభిషేకం, బెనిఫిట్ షో, పుట్టినరోజుకు రక్తదానం, అవతలి హీరో అభిమానులతో గొడవ. 1995లో ఈటీవీ, జెమిని మొదలై ఇంటింటా సీరియళ్లు అలవాటైన తర్వాత కూడా ఈ తంతు టీవీలోకి రాలేదు. కారణం పెద్దగా వెతకనక్కర్లేదు. సినిమా హీరో ఏడాదికోసారి కనపడతాడు. సీరియల్ మనుషులు రోజూ ఆ వేళకు ఇంటికొస్తారు. రోజూ ఇంటికొచ్చేవాళ్లకు ఎవరూ హారతి పట్టరు, వాళ్ల మంచిచెడ్డలు మాట్లాడుకుంటారు. నటి అసలు పేరు చాలామందికి తెలియదు, పాత్ర పేరే ఆమె పేరు. అత్తాకోడళ్లు, పక్కింటివాళ్లు, పనికి వచ్చిన మనిషి కలిసి నిన్నటి ఎపిసోడును నెమరువేసుకోవడం, రేపేమవుతుందో పందెం కట్టుకోవడం, పాత్ర చేసిన తప్పుకు అసలు మనిషిని తిట్టినట్టు తిట్టడం: టీవీ అభిమానం రూపం ఇది. అది ఇంటిది, ఎక్కువగా ఆడవాళ్లది. అందుకే దాన్ని అభిమానమని గౌరవంగా పిలిచినవాళ్లు లేరు, ‘సీరియల్ పిచ్చి’ అన్నారు. థియేటర్ ముందు డప్పు కొడితే అభిమానం, వంటింటి గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటే పిచ్చి. ఈ అన్యాయం ఇప్పటికీ సర్దుకోలేదు. టీవీ అభిమానాన్ని లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టిన రోజున కూడా, లెక్కలోకి వచ్చింది ఈ ఇంటి ప్రేమ కాదు, సినిమా అభిమానం వేషం వేసుకున్న ప్రేమ.

ఆ వేషం వేసింది ‘బిగ్ బాస్’. 1999లో నెదర్లాండ్స్‌లో ‘బిగ్ బ్రదర్’గా పుట్టిన, పోటీదారులను ఒక ఇంట్లో ఉంచి ఓట్లతో ఒక్కొక్కరినే బయటికి పంపే ఈ ఆట 2017 జులై 16న స్టార్ మాలో జూనియర్ ఎన్టీఆర్ వ్యాఖ్యాతగా తెలుగులోకి వచ్చింది. మొదటి ఏడాది అది చాలామందికి కొత్త వింత. రెండో సీజన్‌తో, అంటే 2018లో నాని వ్యాఖ్యాతగా ఉన్నప్పుడు, పరిస్థితి మారింది. హౌస్‌లో మిగతావాళ్లంతా ఒక జట్టయి కౌశల్ అనే పోటీదారును ఒంటరి చేస్తున్నారని చాలామంది ప్రేక్షకులకు అనిపించింది. ఒంటరివాడి పక్షాన నిలబడాలన్నది మన కథలన్నిటిలో ఉన్న బుద్ధి. ఆ బుద్ధికి సోషల్ మీడియా తోడై ‘కౌశల్ ఆర్మీ’ తయారైంది. పేజీలు, గ్రూపులు, రోజువారీ ఓటు పిలుపులు, చివరికి హైదరాబాద్ రోడ్ల మీద 2కే వాక్ కూడా జరిగింది. ఆ సెప్టెంబర్ 30న కౌశల్ గెలిచారు. టీవీలో కనిపించే ఒక మనిషి కోసం తెలుగువాళ్లు ఇలా జట్టుకట్టి వీధిలోకి వచ్చారు. అప్పటినుంచి ప్రతి సీజన్‌లోనూ ప్రతి పోటీదారుకూ ఒక ఆర్మీ ఉండాలన్నది రివాజైంది. కొన్నాళ్లకు, హౌస్‌లోకి వెళ్లేముందే బయట సోషల్ మీడియా చూసుకోవడానికి మనుషులను కుదుర్చుకుని వెళ్లడం దాకా వచ్చింది. సొంతంగా పుట్టిన అభిమానమేదో, కుదుర్చుకున్నదేదో బయటివాళ్లకు పోల్చుకోవడం కష్టమైంది.

ఈ ఆర్మీలో చేరిన మనిషి దినచర్య చూడండి. సోమవారం నామినేషన్లు అవగానే ఎవరు ప్రమాదంలో ఉన్నారో తెలుస్తుంది. ఆ రాత్రినుంచి యాప్‌లో ఓటు, మిస్డ్ కాల్, ఇంట్లోవాళ్ల ఫోన్లనుంచి మిస్డ్ కాల్, గ్రూపులో గుర్తుచేయడం. తమవాళ్లు బాగా మాట్లాడిన ముప్పై సెకన్లు కత్తిరించి, వెనక పాట పెట్టి వదలాలి. అవతలివాళ్లు నోరుజారిన ముప్పై సెకన్లూ వదలాలి. యూట్యూబ్ రివ్యూలు చూసి కామెంట్లలో తమ పక్షం నిలబెట్టాలి. అనధికార పోల్స్‌లో ముందుండేలా చూసుకోవాలి. శని, ఆదివారాలు వ్యాఖ్యాత నాగార్జున ఎవరిని మందలిస్తారో చూసి, అది న్యాయమో కాదో తేల్చాలి. పదిహేను వారాలు ఇదే పని. దీనికి జీతం లేదు. కానీ దీనివల్ల యాప్‌కు వాడకందార్లు పెరుగుతారు, ప్రోమో ఎక్కడికో వెళుతుంది, ప్రకటనల రేటుకు బలం వస్తుంది. అంటే అభిమానం పనిగా మారింది, ఆ పని విలువ ఇంకొకరి ఖాతాలో పడుతోంది. ఎవరి ఇష్టం వాళ్లది, సంతోషంగా చేసే పనికి కూలి లెక్క ఎందుకని అడగవచ్చు. గుడిలో సేవ చేసేవాళ్లు కూలి అడగరు కదా అనవచ్చు. నిజమే. గుడికి మాత్రం హుండీ లెక్క బయటపెట్టవలసిన బాధ్యత ఉంటుంది. వేల గంటలు తీసుకుంటున్న ఈ ఆటలో ఏ వారం ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో పూర్తి లెక్క ప్రేక్షకుల ముందు పెట్టే ఆనవాయితీ లేదు. ఓటు అనే పెద్ద మాట వాడుతున్నప్పుడు ఆ లెక్క చెప్పడం కనీస మర్యాద.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఇంత చప్పుడు చేస్తున్నా టీవీ అసలు త్రాసులో ఈ చప్పుడు తూగదు. ఏ కార్యక్రమం ఉండాలి, ఏది పోవాలి అన్నది తేల్చేది టీఆర్పీ. దాన్ని కొలిచే బార్క్ సంస్థ దేశంలోని 20 కోట్లకు పైగా టీవీ ఇళ్లలో కొన్ని పదుల వేల ఇళ్లను మాత్రం ఎంచుకుని మీటర్లు పెడుతుంది. ఏ ఇంట్లో మీటరుందో రహస్యం. ఆ రహస్యం బయటపడితే లెక్కలు తారుమారు చేయవచ్చనే కదా 2020లో ముంబై పోలీసులు టీఆర్పీ కేసు పెట్టింది. మీటరు లేని ఇంట్లో కూర్చుని లక్షసార్లు హ్యాష్‌ట్యాగ్ కొట్టినా రేటింగు వెంట్రుకవాసి కదలదు. మీటరున్న ఇంట్లో సోషల్ మీడియా అంటే తెలియని ముసలమ్మ ఏడున్నరకు టీవీ పెడితే కదులుతుంది. ‘కార్తీకదీపం’ ఇందుకు మంచి సాక్ష్యం. 2017 అక్టోబర్‌లో మొదలైన ఈ సీరియల్లో వంటలక్క దీప, డాక్టర్ బాబు కార్తీక్ తెలుగిళ్లలో సొంత మనుషులయ్యారు. భార్యను ఏళ్ల తరబడి అనుమానించే డాక్టర్ ఒక్కసారి డీఎన్ఏ పరీక్ష చేయించుకోవచ్చు కదా అని పుట్టిన మీములకు లెక్కలేదు. సీరియల్ చూడని కుర్రాళ్లకు కూడా కథంతా మీముల ద్వారా తెలుసు. అన్ని మీములు వచ్చినా కథ ఆ దారిలో వెళ్లలేదు, అనుమానం ఏళ్లపాటు అలాగే సాగింది. అదే 2022లో ఆ ఇద్దరి పాత్రలనూ ప్రమాదంలో పోగొట్టి కథను పిల్లల తరానికి దూకించినప్పుడు, ఇళ్లలో చూసేవాళ్లు చల్లబడ్డారు. కొన్ని నెలలకే దీపా కార్తీకులు తిరిగి వచ్చారు. అంతకు రెండు దశాబ్దాల ముందు హిందీలో ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’లో చనిపోయిన మిహిర్ బతికి వచ్చింది కూడా ఇంటి ప్రేక్షకుల గోడు వల్లే, అప్పుడు హ్యాష్‌ట్యాగులే లేవు. గొంతెత్తేవాళ్లు వేరు, లెక్కకొచ్చేవాళ్లు వేరు. ఈ తేడా తెలియని అభిమాని తన బలాన్ని ఎక్కువ ఊహించుకుంటాడు. తేడా తెలిసిన చానెల్ ఆ ఊహను వాడుకుంటుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అభిమానుల సైన్యాలు లేకపోతే సామాన్యుడికి ఈ పెట్టెలో చోటెక్కడిది? 2023లో ఏడో సీజన్ గెలిచిన పల్లవి ప్రశాంత్ రైతుబిడ్డనని చెప్పుకుని, బిగ్ బాస్‌లో ఒక్క అవకాశం ఇమ్మని వీడియోలు చేసి చేసి లోపలికి వెళ్లిన కుర్రాడు. వెనకాల సినిమావాళ్లు లేరు, పరిచయాలు లేవు. పొలంలో నిలబడి ఫోను ముందు మాట్లాడిన మనిషిని జనం ఆ ఆట జరిగే అన్నపూర్ణ స్టూడియో దాకా మోసుకెళ్లారు. తెరమీద తమలాంటివాళ్లు కనపడాలనే కోరికకు 1988 నాటి కార్మికుల కోరికతో చుట్టరికం ఉంది, దాన్ని తక్కువ చేయను. అయితే ఆ డిసెంబర్ 17 రాత్రి ఏమైందో కూడా చెప్పుకోవాలి. ఫైనల్ అయ్యాక జూబ్లీహిల్స్‌లో స్టూడియో బయట గుంపులు కొట్టుకున్నాయి. రన్నరప్‌గా నిలిచిన పోటీదారు కుటుంబంతో వెళుతున్న కారు మీద దాడి జరిగింది. ఆ దారిన పోతున్న ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. ఆ బస్సుల్లో ఉన్నవాళ్లకు ఈ ఆటతో ఏ సంబంధమూ లేదు. పోలీసులు కేసులు పెట్టారు, విజేత కూడా అరెస్టయి బెయిలు మీద బయటికి రావలసి వచ్చింది. రైతుబిడ్డ గెలుపు గురించి ఆ వారం మాట్లాడుకోవలసిన మాటలన్నీ అద్దాల కింద నలిగిపోయాయి. సినిమా అభిమానులు కొట్టుకోలేదా, ఇందులో డిజిటల్ తప్పేముంది అంటారు. కొట్టుకున్నారు. కానీ సినిమాలో ఇద్దరు హీరోలూ వేర్వేరు సినిమాల్లో ఉంటారు. ఇక్కడ ఒకరు ఉండాలంటే ఇంకొకరు వెళ్లిపోవాలి, ఆటే అలా కట్టారు. వందరోజులకు పైగా రోజూ ఒకరి మీద ప్రేమను ఇంకొకరి మీద కోపంగా మార్చి వాడితే, చివరి రాత్రికి ఆ కోపం ఎక్కడికి పోతుంది? ఆడపిల్లలైన పోటీదారులకు ఈ కోపం మరీ నీచమైన మాటల్లో, మార్ఫింగ్ ఫొటోల్లో తగులుతోంది. వాళ్లు ఆట అయ్యాక కూడా దాన్ని మోస్తున్నారు. ఇది అభిమానులందరి తప్పు కాదు, ఆటను మలిచినవాళ్ల తప్పు కూడా ఉంది.

రెండో అభ్యంతరం పడమటి దేశాలనుంచి వస్తుంది. అభిమానుల సైన్యం కార్యక్రమాలను బతికించలేదా అని. బతికించింది. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ను రెండో సీజన్‌తో ఆపేస్తారన్న అనుమానం రాగానే, బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే దంపతులు ఉత్తరాల ఉద్యమం నడిపారు. ఎన్‌బీసీకి లక్షకు పైగా ఉత్తరాలు వెళ్లాయి. 1968 మార్చిలో ఆ చానెల్ తెరమీదే ప్రకటించి మూడో సీజన్ ఇచ్చింది. 2007లో సీబీఎస్ ‘జెరికో’ను ఆపితే అభిమానులు టన్నులకొద్దీ వేరుశనగలు ఆ సంస్థ కార్యాలయాలకు పంపారు. ఏడు ఎపిసోడ్లు వచ్చాయి, 2008లో మళ్లీ ఆగింది. 2018లో ఫాక్స్ వదిలేసిన ‘లూసిఫర్’ను అభిమానుల హ్యాష్‌ట్యాగ్ ఊపులో నెట్‌ఫ్లిక్స్ తీసుకుని ఇంకో మూడు సీజన్లు తీసింది. 2019లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చివరి సీజన్ మళ్లీ తీయమని పది లక్షలమందికి పైగా సంతకాలు పెట్టారు, ఏమీ జరగలేదు. గెలుపోటములు కలిసి ఉన్నాయి. అయితే స్టార్ ట్రెక్ ఇవాళ్టికీ బతికి ఉండటానికి ఆ మూడో సీజన్ ఒక్కటే కారణం కాదు. 1969లో అది నిజంగానే ఆగిపోయింది. ఆ గెలుపు ఇచ్చిన గొప్ప లాభం, స్థానిక స్టేషన్లలో రోజూ పునఃప్రసారం చేయడానికి చాలినన్ని, 79 ఎపిసోడ్లు పోగుపడటం. ఆగిపోయిన తర్వాతే దాన్ని చూసినవాళ్లు పెరిగారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానులు పెట్టిన మొదటి సమావేశానికి అనుకున్న వందలమంది బదులు మూడు వేలమంది వచ్చారు. సైన్యం ఒక ఏడాది సంపాదించింది. దాచుకున్నవాళ్లు, మళ్లీ మళ్లీ చూసినవాళ్లు, పిల్లలకు చూపించినవాళ్లు అర్ధశతాబ్దం సంపాదించారు.

దాచుకోవడం అంటే ఎంత గొప్ప పనో బ్రిటన్‌లో ‘డాక్టర్ హూ’ కథ చెబుతుంది. 1963లో మొదలైన ఆ ధారావాహిక టేపులను బీబీసీ తర్వాతి ఏళ్లలో చెరిపేసింది. అప్పట్లో టేపు ఖరీదైన సరుకు, పాత కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారన్నది లోకం తీరు. తొంభైకి పైగా ఎపిసోడ్ల బొమ్మ ఇప్పటికీ లేదు. కానీ వాటిలో ప్రతి ఒక్కదాని శబ్దం ఉంది. ఎందుకంటే ఆ రోజుల్లో కొందరు పిల్లలు, పెద్దలు టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టి ఇంట్లో రికార్డు చేసుకున్నారు. ఎవరూ అడగలేదు, ఎవరూ పొగడలేదు. ఆ శబ్దం ఆధారంగా ఇవాళ బీబీసీ యానిమేషన్ చేసి పోయిన కథలను మళ్లీ విడుదల చేస్తోంది. కోట్ల రూపాయల సంస్థ పారేసినదాన్ని ఇంట్లో కూర్చున్న అభిమాని కాపాడాడు. టీవీ చరిత్రలో అభిమానులు సాధించిన విజయాల్లో ఇంతకంటే పెద్దది నాకు కనపడదు.

మనకు ‘అమృతం’ ఉంది. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ హాస్య ధారావాహిక 2001 నవంబర్‌లో జెమినిలో మొదలై 2007 నవంబర్‌లో ముగిసింది. హోటలు పెట్టి ఎలాగైనా బాగుపడాలనుకునే అమృతరావు, ఆయన నీడలాంటి ఆంజనేయులు, సర్వర్ సర్వం, ఇంటి యజమాని అప్పాజీ. అమృతరావు పాత్రకు శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ ఇలా నటులు మారారు, పాత్ర మారలేదు. ప్రసారమైన రోజుల్లో దానికి ఆర్మీ లేదు, ఓట్లు లేవు. ముగిసిన తర్వాత నిర్మాతలు యూట్యూబులో పెట్టడంతో దాని రెండో జీవితం మొదలైంది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్లు అన్నం తింటూ ఒక ఎపిసోడ్ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. అది మొదలైనప్పుడు పుట్టనైనా పుట్టనివాళ్లు అప్పాజీ ముఖంతో మీములు చేస్తున్నారు. రాజకీయం, ఆఫీసు, అద్దె ఇల్లు, దేనిమీద మాట్లాడాలన్నా అమృతంలో ఒక దృశ్యం దొరుకుతుంది. 2018 ఫిబ్రవరిలో గుండు హనుమంతరావు కన్నుమూసినప్పుడు, వందల సినిమాల్లో నటించిన ఆ మనిషిని జనం తలుచుకున్నది ఎక్కువగా ఆంజనేయులుగానే. ఆ ప్రేమే చూసి 2020 ఉగాదికి జీ5 ‘అమృతం ద్వితీయం’ తీసింది. ఒక పాత సీరియల్‌ను ఇలా భాషలో భాగం చేసిన పని ఏ ప్రచార సంస్థా చేయలేదు. నచ్చిన ముక్కను కత్తిరించి ఇంకొకరికి పంపిన లక్షల చేతులు చేశాయి. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఇంటికి పంపనక్కర్లేదు. ఒకరి ఆంజనేయులు అభిమానం ఇంకొకరి సర్వం అభిమానానికి అడ్డం రాదు. ఒకప్పుడు ఇంట్లో కూర్చుని పాత్రల మంచిచెడ్డలు మాట్లాడుకున్న ఆ ప్రేమే ఫోనులోకి వచ్చి ఇలా మీమైంది. డిజిటల్ కాలం టీవీ అభిమానానికి చేసిన నిజమైన మేలు ఇది.

ఇది మేలే గానీ, ఫోనులో ఉంటే శాశ్వతమని ఎవరూ నమ్మవద్దు. డిస్నీ ప్లస్ 2022 నవంబర్‌లో మొదలుపెట్టిన ‘విల్లో’ను 2023 మేలో, అంటే ఆరు నెలలు నిండకుండానే, తన వేదికనుంచి తీసేసింది. ఖర్చు లెక్కలో అది మిగలలేదు. టీవీలో వచ్చినదాన్ని ఒకప్పుడు క్యాసెట్ మీద ఎక్కించుకోగలిగేవాళ్లు. ఓటీటీలో మాత్రమే ఉన్నది ఆ సంస్థ తీసేస్తే ఇంట్లో ఏమీ మిగలదు. మన సంగతి ఇంకా కష్టం. సినిమాకు 1964 నుంచి పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. ప్రైవేటు చానెళ్ల కార్యక్రమాలను సేకరించి జనానికి చూపించే అలాంటి సంస్థ టీవీకి లేదు. దూరదర్శన్ పాత నాటికలు, కార్యక్రమాలు కొన్ని యూట్యూబులోకి వచ్చాయి, సంతోషమే. ధర్మవరపు సుబ్రహ్మణ్యం ‘ఆనందోబ్రహ్మ’, మంజులా నాయుడు ‘ఋతురాగాలు’ వంటివి ఒక తరం సాయంత్రాలను నింపాయి. వాటి గురించి తలుచుకునేవాళ్లు ఎందరో ఉన్నా, మొదటినుంచి చివరిదాకా వరసగా చూడాలంటే దొరకడం కష్టం. ఇక్కడ కాపీరైట్ మాట వస్తుంది. ఎవరో తీసినదాన్ని అభిమానులు నెట్‌లో పెట్టడం చట్టవిరుద్ధం కదా అని. అవును, అనుమతి లేకుండా పెట్టడం తప్పే, నిర్మాత పొట్ట కొట్టే పైరసీని నేను సమర్థించను. కానీ మన చట్టంలో ఇలాంటి చిత్రీకరణకు రక్షణ 60 ఏళ్లు. వీహెచ్‌ఎస్ టేపు మీది పూత రెండు మూడు దశాబ్దాలకే పాడవడం మొదలుపెడుతుంది. హక్కు మిగిలి ఉండగానే హక్కున్న వస్తువు పోతుంది. ప్రసారం చేసినవాళ్లు దాచకపోతే, చూసినవాళ్లు దాచింది ఒక్కటే మిగులుతుంది. దాచడం వేరు, బజార్లో పెట్టడం వేరు. మొదటిదానికి దారి చూపిస్తే రెండోదానికి నిర్మాతతో మాట్లాడుకోవచ్చు. బీబీసీ అభిమానుల టేపులను దొంగసొత్తుగా చూడలేదు, అడిగి తీసుకుంది.

కాబట్టి చానెళ్లవాళ్లు ఆర్మీల మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు తమ గోదాముల మీద పెట్టాలి. పాత మాస్టర్ టేపులు ఏమున్నాయో జాబితా వేసి బయటపెట్టాలి. లేనివాటి పేర్లు కూడా చెప్పాలి, ఎవరింట్లోనో ఉండవచ్చు. పాత కార్యక్రమాలను యూట్యూబులో పెడితే వచ్చే ఆదాయం సంగతి అమృతం ఇప్పటికే చూపించింది. ఓట్లు అడిగే కార్యక్రమాలు ఓట్ల లెక్క చెప్పాలి. అభిమానులకు, ముఖ్యంగా రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని ఎవరి కోసమో రీళ్లు చేస్తున్న పిల్లలకు, నేను చెప్పగలిగింది ఒకటే. మీకు కత్తిరించడం వచ్చు, ఎక్కించడం వచ్చు, వెతకడం వచ్చు, జట్టుకట్టడం వచ్చు. ఇవన్నీ ఒక పాత కార్యక్రమాన్ని బతికించడానికి కావలసిన పనులే. వారం చివర ఎవరు వెళ్లిపోయారన్నది మూడు నెలలకు మీకే గుర్తుండదు.

ఇక ఈ వ్యాసం చదువుతున్న పెద్దవాళ్లకు ఒక మనవి. మీ అటక మీద, బీరువా అడుగున, పాత టీవీ స్టాండు అరలో వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉండి ఉంటాయి. పెళ్లి క్యాసెట్ మధ్యలో ఎక్కడో టీవీనుంచి పట్టిన ఒక నాటిక, ఒక పాటల కార్యక్రమం, వార్తల ముందు వచ్చిన ప్రకటన ఉండవచ్చు. వాటిని ఆడించే వీసీఆర్లు తయారుచేసిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో తయారీ ఆపేసింది. పనిచేసే యంత్రాలు ఏటా తగ్గుతున్నాయి. ఆ క్యాసెట్లను పారేయకండి. తడి తగలని చోట నిలువుగా పెట్టండి, మీద ఏముందో, ఏ ఏడాదిదో రాయండి, కంప్యూటర్లోకి ఎక్కించే షాపు మీ ఊళ్లో ఇంకా ఉండగానే ఎక్కించండి.